వాకిళ్లు ఎన్ని, ఎరిగేవాడు ఎందరు?

చక్కిలం కొరికితే కన్ను రంగును, ముక్కు వాసనను, నాలుక రుచిని, చెవి కరకరను, చర్మం గరుకుదనాన్ని ఒక్కసారే అందుకున్నట్టు ఉంటుంది. తర్కాన్ని పట్టుకున్న న్యాయదర్శనానికి ఈ చక్కిలం పాత చిక్కు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం మనస్సును పరమాణువంతటిదిగా చెబుతుంది. అంత చిన్నది ఒక వేళకు ఒక ఇంద్రియంతోనే కలవగలదు. మరి ఐదూ కలిసి ఎలా తెలుస్తున్నాయి? నూరు కలువరేకులను దొంతర పెట్టి సూదితో గుచ్చితే అన్నిటికీ ఒకేసారి చిల్లు పడ్డట్టే ఉంటుంది, నిజానికి ఒకదాని వెనక ఒకటి పడుతుంది. మనసు వేగమూ అలాంటిదేనని నైయాయికుల జవాబు. యోగాచార బౌద్ధులు దీన్ని ఒప్పుకోరు. ఏ ఇంద్రియానికి ఆ విజ్ఞానం ఉంది, అవి ఒకేసారి పుట్టవచ్చు అంటారు.

ఈ తగవులో నెట్‌వర్కు తీగలపై సమాచారాన్ని గుప్తపరిచే యంత్రం పనికొచ్చే సాక్షి. 2006లో వెలువడిన ఐఈఈఈ 802.1ఏఈ ప్రమాణం, వాడుకలో మాక్‌సెక్, ఈ పనిని ఒక్కో లంకెకు విడిగా చేయిస్తుంది. పోర్టులు ఎన్ని ఉన్నా ప్రతిదానికీ గుప్తపరిచే సొంత ఇంజను అక్కర్లేదు; ఒకే ఇంజను వంతులవారీగా అన్నిటికీ పనిచేసేలా చిప్పును కట్టవచ్చు. 10 గిగాబిట్ల తీగపై అతిచిన్న ఫ్రేముకు, అంటే సమాచారపు ముక్కకు, దొరికే వ్యవధి సుమారు 67 నానోసెకన్లు. ఆలోపు ఇంజను నాలుగు పోర్టులను చుట్టివస్తే, ప్రతి తీగకూ తనకోసమే ఒకటి ఉన్నట్టు తోస్తుంది. ఒక్క కట్టుబాటు మాత్రం తప్పదు: ఒక పోర్టు లెక్క ఇంకోదానిలో కలవకూడదు. అందుకే ఏ పోర్టు, ఎన్నో ఫ్రేము అన్నవి కలిపి ప్రతి ఫ్రేముకూ ఒక సంఖ్య కడతారు. ఒకే కీతో ఆ సంఖ్య మళ్లీ వస్తే రహస్యానికి కన్నం పడుతుంది. కాబట్టి పనులు ఒకేసారి జరిగినట్టు తోచినంత మాత్రాన చేసేవారు అనేకులని తేలదు. సూది జవాబు కనీసం అసంభవం కాదు.

ఇంతటితో ఇంద్రియాలన్నిటి వెనక ఎరిగే ఆత్మ ఒకటుందని రుజువైందనుకోవడం మాత్రం తొందరపాటు. గౌతముడి న్యాయసూత్రాలలో మూడో అధ్యాయం మొదలయ్యేది వేరే హేతువుతో: కంటితో చూసినదాన్నే చేత్తో తాకుతున్నానని గుర్తుపడుతున్నాం, కన్ను తాకలేదు, చర్మం చూడలేదు, రెంటినీ ఎరిగినవాడు రెంటికీ వేరు. మన ఇంజను చేయనిది సరిగ్గా ఈ పనే. రెండు పోర్టుల్లో ఒకే ఉత్తరం వచ్చినా అది పోల్చదు, పోల్చకపోవడమే దాని ధర్మం. అది మనస్సుకు సరిపోయే ఉపమానం, ఆత్మకు కాదు. వంతులు తిరగడం వేరు, ఒకటిగా ఎరగడం వేరు.

పోల్చే జ్ఞాపకాన్ని కూడా చిప్పులో పెడితే ఇక ఆత్మ ఎందుకని ఆక్షేపణ రావచ్చు. పెట్టవచ్చు. కానీ రెండు వాకిళ్ల వార్తలూ చేరే చోటు ఒకటి కావాలని అప్పుడే ఒప్పుకున్నట్టయింది. గౌతముడి హేతువు అడిగింది అంతవరకే. ఆ చోటు నిత్యమని ఆ హేతువు చెప్పదు. జ్ఞాపకాల పెట్టెను రోజూ మార్చి, పాతదానిలో ఉన్నది కొత్తదానిలోకి ఎత్తిపోసినా గుర్తుపట్టడం ఆగదు. నిత్యమైన ఆత్మ అక్కర్లేదు, ఒకదాని వెంట ఒకటి పుట్టే క్షణాల సంతతి చాలునన్న బౌద్ధుడి మాటకు ఇక్కడ బలం ఉంది. నైయాయికుడు నిత్యత్వానికి పుట్టగానే బిడ్డ పాలు కోరడం వంటి వేరే హేతువులు చూపుతాడు, వాటిని విడిగా తూచాలి. చక్కిలం తిన్నవాడు ఒకడేనని చెప్పుకోవచ్చు. వాడు ఎప్పటికీ ఉంటాడని చక్కిలం చెప్పదు.