అమ్మ మాట్లాడే ఫ్రెంచి

చిరంజీవి మనవరాలికి, యానాం నుంచి అమ్మమ్మ దీవించి రాసేది.

ఫ్రాన్స్‌లో, సాన్ జెర్మాన్ ఆన్ లేలోని లిసే ఇంటర్నేషనల్‌లో, బ్రిటిష్ సెక్షన్‌లో నీకు సీటు వచ్చిందని విన్నప్పటి నుంచి సంతోషంగా ఉంది. కష్టపడి సాధించుకున్నావు తల్లీ.

ఆ బడి పుట్టుక గురించి చదివాను. నాటో సైనిక కేంద్రంలో పనిచేసే అధికారుల పిల్లల కోసం 1952లో పెట్టారట. 1955లో పశ్చిమ జర్మనీ నాటోలో చేరాక జర్మన్ అధికారుల పిల్లలూ అక్కడికే వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి పదేళ్లే. ఫ్రాన్స్‌ను జర్మనీ ఆక్రమించిన కాలంలో జర్మన్ పశ్చిమ సేనాధిపతి మకాం పెట్టింది ఆ ఊళ్లోనే. ఆ సేనలను కళ్లారా చూసిన ఫ్రెంచి తల్లులు తమ పిల్లల్ని జర్మన్ పిల్లల పక్కన కూర్చోబెట్టారు. వాళ్ల మనసు ఎంత పెద్దదో! 1967లో నాటో కేంద్రం బెల్జియానికి వెళ్లిపోయినా బడి మాత్రం నిలిచింది.

ఫ్రెంచి ముక్క రాకుండా వచ్చే పిల్లలకు మీ దగ్గర ప్రత్యేక తరగతి ఉందని విన్నాను. వాళ్లు క్యాంటీన్‌లో ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూడు. ఎవరూ లేకపోతే నువ్వు వెళ్లి కూర్చో.

ఫ్రాన్స్ బయట కూడా ఫ్రెంచి బడులు దాదాపు 600 ఉన్నాయి. మన పుదుచ్చేరి లిసే 1826 నాటిది. దేశం మారినా పాఠాలు మారవు, చివర రాసేది అదే బాకలోరియా పరీక్ష. అలా ఎక్కడికైనా సులువుగా వెళ్లగలిగిన పిల్లలకు, వెళ్లలేనివాళ్లు తక్కువగా కనబడే ప్రమాదం ఉంది. నాకున్న భయం అదే.

మన యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. కచేరీ కాగితం ఫ్రెంచిలో వస్తే, ఆ భాష తెలిసినవాళ్ల గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చేదని మా నాన్న చెప్పేవారు. కొందరు అరుగు మీద కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివి, తెలుగులో విడమరిచి చెప్పేవారట. కొందరు నిలబెట్టే, “అంతా సరిగానే ఉంది, వేలిముద్ర వెయ్యి” అనేవారట. ఇద్దరికీ వచ్చింది ఒకే భాష.

పోయిన ఆదివారం వీడియోకాల్‌లో మీ అమ్మ పక్కింటావిడతో ఫ్రెంచిలో మాట్లాడుతుంటే, నువ్వు మధ్యలో అందుకుని అమ్మ తప్పు దిద్దావు. అమ్మ నవ్వేసింది. కానీ ఆ తర్వాత ఒక్క మాటా మాట్లాడలేదు. ముప్పయ్యేళ్లు దాటాక నేర్చుకున్న భాష అది. నిన్ను బడిలో చేర్చే ఫారాలు నింపింది ఆ ఫ్రెంచితోనే. తప్పులు దిద్దాలంటే ఇంట్లో, మీరిద్దరే ఉన్నప్పుడు దిద్దు. నలుగురిలో దిద్దితే అది నేర్పడం కాదు, నోరు మూయించడం.

వచ్చే నెల రెసిడెన్స్ కార్డు పనికి ప్రిఫెక్చర్‌కు వెళ్తారట కదా. ముందురోజు రాత్రి కాగితాలన్నీ ఇద్దరూ కలిసి చదవండి. అక్కడి ఉద్యోగి నిన్ను చూసి అడిగినా, నువ్వు అమ్మ వైపు తిరుగు. ఆమెనే చెప్పనివ్వు. ఎంతసేపు పట్టినా పరవాలేదు. మాట అందక నీ వైపు చూసినప్పుడు మాత్రం అందించు. ఆ ఉద్యోగి చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా దాచకుండా ఆమెకు చెప్పు. పని ఎలా అయిందో నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
మీ అమ్మమ్మ