యాయీరు ఇంటి త్రోవలో

ధ్యానభాగము: మార్కు సువార్త 5:21–43



యాయీరు కుమార్తెకు పండ్రెండేండ్లు. త్రోవలో ప్రభువు వస్త్రమును ముట్టిన స్త్రీ రోగమునకును పండ్రెండేండ్లే. ఈమె తన ఆస్తియంతయు వైద్యులకే పోసినదని మార్కు దాచక వ్రాసెను. ఈమె విశ్వాసమునుగూర్చి నేను ఎన్నోమారులు ప్రసంగించితిని. ఈమె ఖర్చునుగూర్చి ఒక్కమారైనను ప్రసంగింపలేదు.

గడచిన వర్షకాలమందు, మా ఊరినుండి గుంటూరునకు తాపీపనికి వలసపోయిన ఒక కుటుంబమును చూడబోతిని. వారి నాలుగేండ్ల పిల్లవాడు జ్వరమునుండి అప్పుడే లేచియుండెను. “పెద్దాసుపత్రికి తీసికొని పోలేదా అమ్మా?” అంటిని. “అక్కడ డబ్బు తీసుకోరండి, కానీ వరసలో నిలబడితే పొద్దంతా పోద్ది. మేస్త్రీ ఇంకొకళ్లని పెట్టుకుంటాడండి,” అనెను తల్లి. కాబట్టి రాత్రివేళ వీధిచివరి ప్రైవేటు ఆసుపత్రికి పోయిరి. రక్తపరీక్షలు, సెలైను, మందులచీటీ, ఆటో కిరాయి. తండ్రికి అయిదు దినములు కూలి లేదు. పిల్లవాని వెండి మొలత్రాడు తాకట్టుకు పోయెను. చాలనిదానికి నూటికి నెలకు పది రూపాయల వడ్డీ.

“జ్వరం అయిదు రోజుల్లో దిగిందండి అయ్యగారూ, అప్పే దిగలేదండి.”

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ (2024లో ఆంధ్రప్రదేశ్‌లో దీనికి ఎన్.టి.ఆర్. వైద్య సేవ యని పేరు మారినది) గుండెలో రంధ్రముతో పుట్టిన బిడ్డలనేకులకు శస్త్రచికిత్స చేయించినది. తెలంగాణలో 2023 డిసెంబరున దాని పరిమితి 10 లక్షలాయెను. ఇందుకు దేవునికి స్తోత్రము. అయితే ఆ కార్డు చెల్లని చిన్న ఆసుపత్రిలో, మంచము పట్టని జ్వరమునకు, పోయిన కూలికి అది ఏమి చేయును? పేదవాని ఇంట అప్పు తరచుగా ఈ చిన్న జబ్బులతోనే ప్రవేశించుచున్నది.

నా తప్పిదమును ఒప్పుకొందును. పిల్లవానికొరకు ప్రార్థించి లేచుచుండగా ఆ తల్లి నాచేతిలో యేబది రూపాయలు కానుక పెట్టెను. వాడుకచొప్పున పుచ్చుకొంటిని. బస్సు ఎక్కిన తరువాతగాని, అది పది రూపాయల వడ్డీ సొమ్మని నాకు తోచలేదు.

యాయీరు కుమార్తె లేచినప్పుడు అక్కడ నున్నవారు విభ్రాంతి నొందిరి. ప్రభువుమాత్రము ఆమె ఆకలిని తలంచి, తినుటకేమైన పెట్టుమనెను. అద్భుతము జరిగిన పిమ్మటనైనను ఆ యింటి పొయ్యిని ఆయన మరువలేదు. మనమో ఆమేన్ చెప్పి చెప్పులు తొడుగుకొందుము. పట్టణములోని మన పిల్లలకొరకు ప్రార్థించునప్పుడు, మందులకు సొమ్ము ఎక్కడ తెచ్చితిరని కూడ అడుగుదుము గాక.

మా స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మగా వచ్చినదానిలోనుండి ముందు ఆ తాకట్టు విడిపింప నొప్పుకొనిరి. సంఘపెద్దలలో ఇద్దరు, ఒకరికి చేసిన అందరికి చేయవలెననిరి. అదియు నిజమే. మాట ఇంకను తెగలేదు.

ఆ యేబది రూపాయలు నా బైబిలులోనే యున్నవి. వచ్చే నెల మరల గుంటూరు పోవుచున్నాను.