గాత్రదానంలో దాత పేరు

డబ్బింగ్‌ను తెలుగులో గాత్రదానం అంటాం. అది నిజంగా దానమేనా? 1885లో కడప సీమలో మొదలైన సురభి నాటకాల్లో పాడే నటికి దేహమూ గళమూ ఒక్కటే. 1967 నాటి 'భక్త ప్రహ్లాద' సినిమాలో బాలప్రహ్లాదుడైన రోజారమణి మాత్రం పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు తన గొంతిచ్చారు. పారితోషికం తీసుకుంటే దానమెలా అవుతుందంటారు కొందరు. గురువు దక్షిణ పుచ్చుకున్నా విద్యాదానమనే అంటాం, ఇచ్చినా తరగదు గనుక. గొంతూ అంతే. ఇచ్చాక అది పాత్రది, "నాది కాదు" అనుకోవడమే దానధర్మం కదా, ఇక పేరెందుకన్నది మరో మాట. దీన్ని నేనొప్పుకోను. ఎక్కడైనా దాన సంకల్పంలో దాత గోత్రనామాలు చెప్పాకే నీళ్లు వదులుతారు. గుప్తదానం దాత ఇష్టం, పుచ్చుకున్నవారి హక్కు కాదు. తెరమీద గొంతిచ్చినవారి పేరు వేసి తీరాలి.