ముఖమును చూచి చెప్పు మాట

పాఠము: అపొస్తలుల కార్యములు 18:24–28



ఒకడు తాను క్రొత్తగా నేర్చిన పనిని మన చేతికిచ్చి, "ఎట్లున్నది?" అని అడిగినప్పుడు మనము వానికి ఏమి అచ్చియున్నాము? మెప్పా, సత్యమా? ఇది చిన్న ప్రశ్నయని తోచవచ్చును. అయితే ఆ పని మరియొక మనుష్యుని ముఖమైనప్పుడు ఇది అంత చిన్నది కాదు.

ఒకప్పుడు ఫోటో అనగా పెండ్లికో, దరఖాస్తుకో వరంగల్లుకు గాని హనుమకొండకు గాని పోయి, స్టూడియోలో తెరముందు బిగుసుకొని కూర్చుండుటయే. నేడు కెమెరా ఇంచుమించు ప్రతి చేతిలోనికి వచ్చియున్నది. మన సంఘముల పడుచువారిలో కొందరు దానిని ఆటగా గాక పనిగా నేర్చుకొనుచున్నారు. ఇందుకు మేము సంతోషించుచున్నాము. అయితే వారు తీసిన బొమ్మలను చూచి మనము పలుకు మాటలను గూర్చి కొంత ఆలోచింపవలసి యున్నది.

ఇట్టి సంగతి నొకదానిని తలంచుడి. ములుగు దారిలోని ఒక పల్లెలో ఆదివారపు ఆరాధన ముగియును. పట్టపగలు పండ్రెండు గంటలు. మందిరపు గోడకు క్రొత్తగా సున్నము వేసియున్నారు. ఒక పడుచువాడు సంఘములోని అవ్వను ఆ గోడయొద్ద నిలువబెట్టి ఫోటో తీయును. అవ్వ తెల్లచీర కట్టుకొని, చేత బైబిలు పట్టుకొని యున్నది. వాడు ఆ బొమ్మను పెద్దలకు చూపును. ఒక పెద్ద సగము చూచి, "మంచిగున్నది బిడ్డా" అని చెప్పులు తొడుగుకొనును. ఇంకొకడు, "అవ్వ నల్లగ పడ్డదిరా" అని నవ్వును. చుట్టునున్నవారును నవ్వుదురు. కొంచెము దూరమున నిలిచియున్న అవ్వకు ఆ నవ్వు వినబడును.

మొదటి పెద్ద మాట ప్రేమవలె కనబడును గాని అది ప్రేమ కాదు. చూడకయే మెచ్చుకొనుట వాని నోరు మూయించి పంపివేయుటయే. రెండవవాని మాట అంతకంటె చెడ్డది. వాడు బొమ్మను తూచుటకు మారుగా ముఖమును తూచెను. దేవుని పోలికగా చేయబడిన మనుష్యులను నోటితో కించపరచుటను గూర్చి యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయమున వ్రాసినది ఇట్టివారికే తగియున్నది.

అసలు జరిగినదేమి? సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమల నీడ కన్నులలో పడును. అందుచేత కన్నులున్న చోట రెండు గుంటలే కనబడును. మరియు కెమెరా తన ముందున్న వెలుగునంతటిని కలిపి సగటున కొలుచుకొనును. గోడయు చీరయు తెల్లగా మెరయుచున్నందున వెలుగు మితిమీరినదని యెంచి దానిని తగ్గించివేయును. అప్పుడు ముఖము చీకటిలో పడును. కెమెరాకు పగ లేదు. బొమ్మలో ఏది గోడ, ఏది తల్లి అన్నది దానికి తెలియదు. అది తెలియవలసినవాడు దానిని పట్టుకొనినవాడు.

కనుక ఆ పడుచువానికి అక్కరకు వచ్చు మాటలు వేరు. "తమ్మీ, అవ్వను వసారాలోనికి తీసుకొనిపో, లేదా వేపచెట్టు నీడకు. ముఖము ఆకాశపు వెలుగువైపు తిరిగియుండవలెను. వెలుగును గోడమీద కొలువక ఆమె చెంపమీద కొలువు. నీవు నిలువబడి క్రిందికి చూచి తీసితివి. ఆమె కూర్చున్నయెడల నీవును కూర్చుండుము." ఇట్లు చెప్పుటకు మొదట ఆ బొమ్మను ఓపికతో చూడవలెను. మనలో ఎక్కువమందికి లేనిది ఈ ఓపికయే.

నల్లగా పడెనని నవ్వువారు ఇంకొక సంగతి తెలిసికొనవలెను. రంగు ఫోటోలు కడుగు స్థలములకు అమెరికాలోని కోడక్ కంపెనీవారు నమూనా అట్టలను పంపుచుండెడివారు. వాటిమీద తెల్లజాతి స్త్రీ బొమ్మ యుండెడిది. షర్లీ అను స్త్రీ పేరున వాటిని షర్లీ కార్డులనిరి. ఆమె చర్మపు రంగు సరిగా వచ్చినయెడల రంగులన్నియు సరిగా నున్నవని యెంచిరి. 1950ల తరువాత బహుకాలము ఇదియే కొలత. నల్లని చర్మముగల స్త్రీలను కూడ చేర్చిన కార్డులు 1990ల కాలమునకు గాని రాలేదు. అనగా లోకములో ఎందరో నల్లనివారి ముఖములు సరిగా పడకపోయినప్పుడు తప్పు వారి ముఖములలో లేదు, వారిని లెక్కింపక చేసిన కొలతలో నున్నది. ఇప్పుడు కొన్ని ఫోనులు అడుగకయే ముఖమును తెల్లబరచి ముడుతలను తుడిచివేయుచున్నవి. ఇదియు ఆ పాత కొలత బిడ్డయే.

పరమగీతము మొదటి అధ్యాయములోని స్త్రీ ద్రాక్షతోటలలో కాపుండి ఎండకు నల్లబడినది. తన నలుపును, తన సౌందర్యమును ఒక్క నోటనే చెప్పుకొనినది. మన జిల్లాలోని మిరపతోటలలో, పత్తిచేలలో వంగి పనిచేసిన తల్లులకు ఆమె దూరపు మనిషి కాదు. వరంగల్లు బిడ్డయైన ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ గారు 2022లో మరణించిరి. ఆయన తెలంగాణ పల్లె స్త్రీలను, వారి వాకిండ్లను, బతుకమ్మలను ఏండ్లతరబడి చిత్రించెను. నేర్చుకొనువారు ఆ బొమ్మలను చూచుట మంచిది.

అట్లయిన వినబడిన ప్రతి దిద్దుబాటును నేర్చుకొనువాడు శిరసావహింపవలెనా? అక్కరలేదు. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కేమరన్ అను క్రైస్తవ స్త్రీకి 1863లో ఆమె కుమార్తె ఒక కెమెరా నిచ్చెను. అప్పటికి ఆమెకు 48 ఏండ్లు. ఇంగ్లండులో ఆమె తీసిన ముఖచిత్రములను చూచి ఆనాటి ఫోటో పత్రికలవారు రెండు తప్పులు పట్టిరి: గాజుపలకలమీద మరకలు, గీతలు ఉన్నవనియు, ముఖములు మసకగా నున్నవనియు. మొదటిది న్యాయమే, మరక మరకయే. రెండవదానియందు ఆమె వారి మాట వినలేదు. ఆ మెత్తని మసక ఆమె కోరి తెచ్చుకొనినది. నేడు లోకము ఆమెను జ్ఞాపకముంచుకొనినది దానివలననే. చేతి లోపమును గూర్చి చెప్పినప్పుడు వినవలెను. చూపును గూర్చి చెప్పినప్పుడు ప్రార్థనతో తూచుకొనవలెను. ఈ రెంటిని వేరుచేయుట సులభమని మేము చెప్పము. క్రొత్తవాడు తన చేతి లోపమును చూపని పిలుచుకొనుట మిక్కిలి సులభము.

మూడవ మనిషిని మరచితిమి. అవ్వను ఎవరైన అడిగిరా? బొమ్మ ఆమెది, మాటలు మాత్రము మగవారివి. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీలకని ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల స్త్రీ చేతి క్రింద నుంచెను. పరపురుషుని కంట పడకుండ ఆ స్త్రీలు తమ ఫోటో తీయించుకొనగలిగిరి. అది వ్యాపారమే, కాదనము. అయినను ముఖముగలవారి మానమును లెక్కించిన వ్యాపారము. మన అవ్వ తన కళ్లజోడు తీసి నిలువగోరెనేమో, లేక చనిపోయిన పెనిమిటి ఫోటోను ప్రక్కన పెట్టుకొనగోరెనేమో! ఈ బొమ్మయే రేపు ఆమె జ్ఞాపకార్థ కూడికలో పూలదండతో నిలువవచ్చును. పెద్దలకంటె ముందుగా దానిని ఆమెకే చూపవలసినది.

ఇప్పుడు మన పాఠమునకు వత్తము. అలెక్సంద్రియవాడగు అపొల్లో మాటకారి, లేఖనములయందు గట్టివాడు. అయినను యోహాను బాప్తిస్మము మట్టుకే ఎరిగియుండెను. ఎఫెసు సమాజమందిరములో ధైర్యముగా మాటలాడుచుండగా డేరాలు కుట్టు ఆలుమగలైన ప్రిస్కిల్లయు అకులయు వినిరి. వారు కూటము మధ్యను లేచి, "నీకు సగమే తెలియును" అనలేదు. నవ్వలేదు. బాగున్నదని పంపివేయలేదు. అతనిని తమయొద్ద చేర్చుకొని, తెలియని భాగమును మరి పూర్తిగా విశదపరచిరి. పండితుడైనవాడు చేతిపనివారి మాట వినెను. తరువాత అతడు అకయకు పోగోరినప్పుడు, అతనిని చేర్చుకొనుమని సహోదరులు అక్కడి శిష్యులకు ఉత్తరము వ్రాసిరి.

మన పడుచువాడును పని బాగుగా నేర్చుకొనుటకు హనుమకొండలోని ఏదైన స్టూడియోకు పోగోరవచ్చును. అక్కడ వానిని ఎరిగినవారు ఉండరు. వసారా నీడలో తీసిన అవ్వ బొమ్మను వాడు సంచిలో పెట్టుకొనును. దానితో కూడ పోవలసిన ఉత్తరమును సంఘపు పెద్దలు వ్రాయవలసి యున్నది.