పొడుచు ఎద్దును, తానే ఆగు కారును



నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి యొకటి యున్నది. ఎద్దు మనుష్యుని పొడిచి చంపినప్పుడు, దానికి ఆ అలవాటున్నట్లు యజమానుడు ఎరుగనియెడల అతడు నిర్దోషి. ఇతరులు హెచ్చరించినను దానిని కట్టివేయక విడిచినయెడల ఆ ప్రాణమునకు అతడే ఉత్తరవాది. నీకు ముందుగా తెలిసెనా, తెలిసి యేమి చేసితివి అనునదే అచ్చటి ప్రశ్న.

ఈ ప్రశ్న నేడు మోటారు కార్ల విషయములో మరల వినబడుచున్నది. అమెరికా దేశములో అనేకమైన క్రొత్త కార్లకు ఒక సాధనము అమర్చబడియున్నది. అది కెమెరాతోను రాడారుతోను ముందున్న బండిని కనిపెట్టును. మొదట గంట మ్రోగించును. నడుపువాడు కదలనియెడల తానే బ్రేకు వేయును. ఇట్టి కార్లు ముందు బండిని వెనుకనుండి గుద్దుట సుమారు సగము తగ్గినదని, రహదారి భద్రతకై అచ్చటి భీమా కంపెనీలు నడుపు పరిశోధన సంస్థ తేల్చినది. గాయములకు నష్టపరిహారము కోరు దావాలును తగ్గినవి. క్రొత్త కార్లన్నిటికి దీనిని అమర్చవలెనని 2024లో ప్రభుత్వము నిబంధన చేసెను. ఇది సంతోషింపదగినదే. విరిగిన కాలికి వచ్చు సొమ్ముకంటె విరుగని కాలు మేలు గదా!

అయితే సాధనమున్నది గదా యని నడుపువాడు ఫోను చూచుచు కూర్చుండవచ్చునా? కూడదు. అది సహాయకుడే గాని యజమానుడు కాదు. పైగా గుద్దుటకు ముందు కొన్ని క్షణములలో బండి వేగమెంత, బ్రేకు త్రొక్కెనా లేదా అను సంగతులు కారులోనే నమోదగును. గంట మ్రోగినను నీవేల ఆగలేదు, సాధనమును ఏల ఆపివేసితివి అని న్యాయస్థానములో అడుగవచ్చును. సాధనములో లోపమున్నట్లు ఎరిగియు మౌనముగానున్న తయారీదారుని సయితము అట్లే అడుగవచ్చును. యజమానుని హెచ్చరించిన పొరుగువాని స్థానమున ఇప్పుడు యంత్రము నిలిచియున్నది. నేనెరుగను అను సాకు తగ్గిపోయినది.

మరియొక సంగతి. పాదచారులను గుద్దు ప్రమాదములును ఈ సాధనమువలన 27 శాతము తగ్గెనని 2022లో అదే సంస్థ తెలిపెను. కాని దీపములు లేని చీకటి త్రోవలలో ఏ మేలును కనబడలేదు. చీకటిలో నడిచి పోవువాడు తరచుగా బీదవాడు, పనినుండి తిరిగి వచ్చువాడు. యంత్రము చూడనివానిని మనుష్యుడే చూడవలెను. దావాలు తగ్గినవి గనుక, ఇంకను గాయపడినవాని మాటను అనుమానించుటయు న్యాయము కాదు.

మన పల్లెలలో ఇట్టి కార్లు అరుదు. అయినను పొడుచు ఎద్దులు మనకును కలవు. బ్రేకు సరిగా పట్టదని ఎరిగియు ఆటో నడుపువాడును, వెనుక దీపము లేదని ఎరిగియు రాత్రివేళ ట్రాక్టరును రోడ్డెక్కించువాడును ఆ యజమానుని పోలినవారే. ప్రమాదమైన పిమ్మట భీమా సొమ్ము చెల్లించును గాని, పోయిన ప్రాణమును తిరిగి తేలేదు.

ఇంటి పైకప్పుకు చుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము బోధించుచున్నది. క్రొత్త సాధనము అట్టి పిట్టగోడయే. దానిని కట్టుదము. అయితే గోడ కట్టితిమని బిడ్డను దానిమీద కూర్చుండబెట్టము గదా!