అడిగెడి లెక్క, చెప్పెడి లెక్క

మా పినపాక ప్రాంతమున మిరపయు ప్రత్తియు పండించు గృహస్థుడొకడు ఇటీవల మా యింటికి వచ్చి కూర్చుండెను. ఆయన కుమారుడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్నాడు. "అయ్యగారూ, నెలనెలా వాడి ఖర్చులకు పైకం పంపుతున్నాను. లెక్క అడిగితే నా మీద నమ్మకం లేదా అంటాడు. అడగకుంటే నాకు నిద్ర పట్టదు. ఏది ధర్మం?" అనెను.

మొదట ఆ పైకము ఎట్టిదో నిర్ణయింపవలెను. తన స్వత్వమును వదలుకొని పరుని స్వత్వమును కలిగించుట దానమని శాస్త్రకారుల నిర్వచనము. దానమిచ్చినవాడు పిదప లెక్క యడుగరాదు. నిక్షేపము వేరు, అది నమ్మి అప్పగించిన సొమ్ము. మనువు పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము తరువాత దీనినే చెప్పెను. చదువునకై పంపు పైకము ఈ రెండవదానికే దగ్గర. దాని వెనుక తల్లి కొనుట మానుకొన్న చీర యున్నది, విత్తనములకు తెచ్చిన అప్పున్నది. కావున లెక్క ఉండవలసినదే. అయితే అందులో కొంత, టీకో సినిమాకో, వాని యిష్టమునకు వదలివేయవలెను. అంతమట్టుకు అది దానమే.

లెక్క యెట్లు అడుగవలెననునదే కష్టము. ఇరువది యేండ్ల క్రిందట నా కుమారునికి మనియార్డరు పంపుచు, ప్రతి రూపాయికిని కాగితముపై లెక్క వ్రాసి పంపుమంటిని. వ్రాసి పంపెడివాడు. సినిమాకు పెట్టినదెల్ల నోటుపుస్తకముల క్రింద వ్రాసెనని, తానును తండ్రియైన పిదప నవ్వుచు చెప్పెను. నాకు నవ్వు రాలేదు. ఆ అసత్యమును నేర్పినవాడను నేనే గదా!

చిత్రకూటమున శ్రీరాముడు భరతుని అంకమున కూర్చుండబెట్టుకొని రాజ్యక్షేమమడిగిన ఘట్టము అయోధ్యాకాండమున నూరవ సర్గ. అందు ఆయవ్యయముల ప్రశ్నయు కలదు. ఆదాయమును గూర్చి ముందడిగి, వ్యయమును గూర్చి పిదప నడిగెను. మనము పిల్లలను వ్యయమే అడుగుదుము. ఆదాయమెంతయో వారికి తెలియనీయము. పదునాలుగేండ్ల పిదప స్వామి అడుగకయే భరతుడు కోశమును, ధాన్యాగారములను చూడుమని ప్రార్థించి, నీ తేజస్సు చేతనే యన్నియు పదింతలాయెనని విన్నవించుకొనెను.

మన భద్రాద్రి రామదాసు సంగతియు స్మరింపదగినది. పాల్వంచ పరగణా తహశీల్దారుగా వసూలు చేసిన సర్కారు సొమ్మును కోవెలకు వెచ్చించెను. సొమ్ము తనది గనుక తానీషా లెక్క యడుగుట తప్పని నేననను. కారాగారబాధ వేరు మాట. కాని అదే గోపన్న సీతమ్మ చింతాకు పతకమునకు ఎన్ని వరహాలు పట్టెనో తన స్వామికి తానై పాడి చెప్పెను. అలిగి చెప్పినను, అది చనువుగలవాడు చెప్పిన లెక్క.

2024లో యూపీఐ సర్కిల్ అను ఏర్పాటు వచ్చినది. తండ్రి ఖాతానుండియే కుమారుడు చెల్లింపవచ్చును. ఒక పద్ధతిలో ప్రతి చెల్లింపునకును తండ్రి అనుమతి కావలెను; మరియొకదానిలో నెలకు 15,000 రూపాయలకు మించని హద్దు నేర్పరచి వదలవచ్చును. నేను రెండవదానివైపే. టీ త్రాగుటకును తండ్రి సమ్మతి కావలసినవాడు వివేకమెన్నడు నేర్చును?

ఆ గృహస్థునితో, "ఖమ్మములో మిరప అమ్మిన తక్‌పట్టీని అబ్బాయికి ఎన్నడైన చూపితిరా?" అంటిని.

"లేదండీ. చదువుకునేవాడికి ఆ బాధ ఎందుకని."

"పండుగకు వచ్చినప్పుడు ముందు అది వాని చేతికిండు. తరువాత మీరేమియు అడుగవద్దు."

ఆయన కొంతసేపు నేలచూపులు చూచి, "అప్పు సంగతి కూడా చెప్పాలా, అయ్యగారూ?" అనెను.

చెప్పవలెనంటిని.