నదిలో విడిచిన పాపము

గంగను భువికి దింపగోరిన భగీరథునితో ఆ తల్లి ఒక శంకను వెలిబుచ్చినట్లు శ్రీమద్భాగవత నవమస్కంధమున గలదు. మానవులు తమ పాపములను తనలో కడిగికొందురు. ఆ పాపమును తాను ఎక్కడ కడిగికొనవలెను? శ్రీహరిని హృదయమున నిలుపుకొన్న సాధువులు స్నానమాడుటచే ఆమె మాలిన్యము తొలగునని భగీరథుడు బదులు చెప్పెను. విష్ణుపాదమున పుట్టిన నదికే ఇట్టి శంక యేల యని తోపవచ్చును. కాని కడిగిన మలినము మాయమైపోదనియు, దానిని ఎవరో ఒకరు భరింపవలసియుండుననియు ఆ శంక తెలుపుచున్నది.

దక్షిణగంగ యైన గోదావరి కథయు ఇట్టిదే. పంట మేయుచున్న గోవును గౌతమమహర్షి దర్భతో అదలింపగా అది పడి మరణించెనట. చంపవలెనను తలంపు ఆయనకు లేదు. అయినను దోషము తనదే యని తపస్సు చేసెను. తపస్సు ముందు, నది పిమ్మట. స్నానమొక్కటి చాలుననుకొనువారు ఈ వరుసను మరచుచున్నారు.

త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు ఈ నదీతీరమున తల్లుల సన్నిధులు పెక్కులు. బాసరలో జ్ఞానసరస్వతి యెదుట పసివారికి అక్షరాభ్యాసము జరుగును. గోదావరీ మండలమందలి ద్రాక్షారామమున అష్టాదశ శక్తిపీఠములలో ఒకటిగా మాణిక్యాంబ పూజలందుకొనుచున్నది. భద్రాద్రిలో సీతమ్మ శ్రీరాముని వామాంకమున ఆసీనయై యున్నది. అచట నిలుచు వైష్ణవునికి యుద్ధకాండలోని ఒక ఘట్టము స్ఫురింపక మానదు. రావణవధానంతరము, అశోకవనమున అమ్మను బాధించిన రాక్షసస్త్రీలను చంపుటకు హనుమంతుడు అనుజ్ఞ వేడగా ఆమె వారించినది. ఆచార్యులు దీనిని పురుషకారమునకు నిదర్శనముగా గ్రహించిరి. అయితే ఆ క్షమ ఊరక లభించినది కాదు. వారి క్రౌర్యమును నెలల తరబడి సహించినది ఆమెయే. క్షమింపబడినవారికి భారము తగ్గినది. క్షమించినవారు దానిని మోసినారు. నదియు అట్లే మోయుచున్నది.

2015 జూలై 14న పుష్కరముల తొలిదినమున రాజమహేంద్రవరమున జరిగిన తొక్కిసలాటలో 27 మంది యాత్రికులు అసువులు బాసిరి. పాపక్షయమునకై వచ్చినవారు వారు; వారిని నిందించుట తగదు. పుష్కరుడు 12 దినములును నదిలో నుండునని సంప్రదాయమే చెప్పుచుండగా, తొలి ముహూర్తమే కావలెనను ఆతురతను ఎవరు ఎవరికి నేర్పిరో విచారింపవలసియున్నది. 2027 పుష్కరములకు సిద్ధపడు గృహస్థులకు ఇది చిన్న ప్రశ్న కాదు. నదిలో ఉమ్మరాదని, బట్టలు పిండరాదని శాస్త్రము నిషేధించినది. పాతబట్టలను, ప్లాస్టిక్ సంచులను నీటిపాలు చేసి, పిదప అదే నీటిని దోసిట పట్టి అర్ఘ్యమిచ్చుట ఏ విధికిని పొసగదు.

భగీరథుని సమాధానమును బట్టి సాధువులకే స్నానార్హత యని, సామాన్యులు ఒడ్డున నిలువవలెనని కొందరు తలపవచ్చును. కథలో అట్టి నియమము లేదు. స్నానమాడువారిలో సాధువులెందరో లెక్కచూచి గంగ రాలేదు. వత్తురన్న భగీరథుని మాటనే నమ్మి దిగివచ్చినది.